ముల్లంగి పులుసూ, మూడో అంతస్తు ముక్కూ

చిలకలగూడలో మేముండే నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో పన్నెండు కుటుంబాలున్నాయి. మాది మూడో అంతస్తు. ఒక ఆదివారం పొద్దున్న ఆ పన్నెండు కుటుంబాలనూ కట్టుబట్టలతో రోడ్డు మీద నిలబెట్టింది వరదా కాదు, భూకంపమూ కాదు. నేను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నా ముక్కు. కట్టుబట్టలు అన్నాను గానీ, పాపం కొందరికి అవి కూడా పూర్తిగా లేవు. జరిగింది చెబుతాను, నవ్వుకోండి. నవ్వేటప్పుడు ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఆ రోజు నేను చేసిన ప్రతి పనీ జనం ప్రాణాలు కాపాడదామనే చేశాను.

అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. పేరు హైమావతి, ఊరు విజయనగరం. పెళ్ళయ్యాక మా ఆయన మురళి ఉద్యోగం కోసం సికింద్రాబాద్ వచ్చేశాం. ఆయన ఒక కొరియర్ ఆఫీసులో సూపర్‌వైజరు. నేను స్టేషన్ దగ్గర ఒక ల్యాబులో రిపోర్టుల కౌంటరు దగ్గర కూర్చునేదాన్ని. రక్తం, మూత్రం, థైరాయిడ్, షుగరు, ఏ కాగితమైనా నా చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ముఖ్యంగా గర్భం పరీక్షలు. కవరు అందుకోవడానికి వచ్చిన ఆడదాని నడక చూసి లోపల ఏముందో చెప్పేస్తానని నాకు గొప్ప పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాననుకోండి.

పెళ్ళయి నాలుగేళ్ళు. పిల్లలు లేరు. నా నెలసరి సిటీ బస్సు లాంటిది. రావాల్సిన టైముకి రాదు, ఇక రాదులే అనుకుంటే వెంటవెంటనే వస్తుంది. మొదట్లో నాలుగు రోజులు ఆలస్యమైతే చాలు, మనసులో ఉయ్యాల కట్టేసేదాన్ని. అయిదో రోజు గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ విప్పేసేదాన్ని. డాక్టరమ్మ "ఏ లోపమూ లేదు, కంగారు పడకండి" అంది. కంగారు పడకుండా ఉండటం నేర్చుకునే సరికి మూడేళ్ళు పట్టింది. ఆ తర్వాత క్యాలెండరు మీద ఎర్ర చుక్కలు పెట్టడం కూడా మానేశాను. నా బుర్రకి ఆ ఆలోచన ఎందుకు రాలేదని అడుగుతారేమో, అందుకు చెబుతున్నాను ఇదంతా. రానిచ్చేదాన్ని కాదు, అంతే.

ఆ ఆదివారానికి ముందు సోమవారం నిద్ర లేవగానే కడుపులో బట్టల మిషను తిరిగినట్టు తిరిగింది. మంగళవారం కూడా తిరిగింది. బుధవారానికి నోట్లో ఇనుప తాళంచెవి పెట్టుకున్నట్టు ఒక రుచి. గురువారం కౌంటరు మీద తల పెట్టి నిద్రపోతే, లేచేసరికి నా చెంప మీద ఎవరిదో థైరాయిడ్ రిపోర్టు అంటుకుని ఉంది. శుక్రవారం బాత్‌రూముకి ఎన్నిసార్లు వెళ్ళానో, ఆ తలుపు గొళ్ళెం వదులైపోయింది.

"పానీపూరీ మానెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు మా ఆయన.

"పానీపూరీ తిని నెల దాటింది."

"అయితే మానేసినందుకే అయ్యుంటుంది."

అమ్మకి ఫోన్ చేశాను. విజయనగరం నుంచి అమ్మ గొంతు ధీమాగా వచ్చింది.

"ఏటే, ఏటైంది? వాంతులా? పైత్యం చేసీసుంటాది. ఆ హైదరాబాదు నీళ్ళు అలాంటివి. జీలకర్ర మరిగించి తాగీ, తగ్గిపోతాది."

జీలకర్ర నీళ్ళు తాగాను. వాము నమిలాను. సోంపు నమిలాను. ఇంట్లో ఉన్న అరుగుదల మాత్రలు డాక్టరును అడక్కుండా రెండు మింగాను. మజ్జిగలో అల్లం, నిమ్మకాయలో ఉప్పు, ఎవరేం చెబితే అది కడుపులో పడేశాను. లోపల ఉన్నది ఏదో గానీ దేన్నీ ఒప్పుకోలేదు. చివరికి కడుపుకి విశ్రాంతి ఇద్దామని ఒక పూట ఉపవాసం చేశాను. ఖాళీ కడుపుతో తిప్పడం రెండింతలైంది. ఇప్పుడు తెలుసు, అలా ఖాళీగా ఉంచకూడదని. అప్పుడు తెలీదు.

ఇప్పుడు నా తెలివికి పరాకాష్ఠ చెబుతాను. శనివారం తిరుమలగిరి నుంచి ఒకమ్మాయి వచ్చింది. కొత్తగా పెళ్ళయినట్టుంది, చేతుల గోరింటాకు ఇంకా పోలేదు. "మేడం, పొద్దున్నే కడుపుల తిప్పుతుంది. ఊకె నిద్రొస్తుంది. నోరంతా అదోలా ఉంది. గ్యాసే అంటరా?" అంది.

నేను కళ్ళజోడు సర్దుకుని నవ్వాను. "గ్యాసేంటమ్మా! నీ మొహమే చెబుతోంది. ముందు వెళ్ళి యూరిన్ టెస్టు చేయించుకో."

చేయించుకుంది. పాజిటివ్. ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని, "డాక్టర్ లెక్కనే చెప్పిన్రు మేడం! ఒక్క చూపుకే ఎట్ల దొరకబట్టిన్రు?" అంది.

"అనుభవం అమ్మా" అన్నాను.

ఆ పిల్ల మెట్లు దిగిందో లేదో, నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్‌రూముకి పరిగెత్తాను. అయిదు నిమిషాల తర్వాత బయటికి వచ్చి, పక్క కౌంటరు అమ్మాయితో "ఆ క్యాంటీన్ ఉప్మా మాత్రం ముట్టుకోకే, పాడైపోయింది" అన్నాను.

"నువ్వు ఇవాళ ఉప్మా తినలేదు గదా?"

"నిన్న తిన్నాను" అన్నాను చిరాగ్గా. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఉప్మా గురించి ఏడ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు ఉపద్రవం నా ముక్కుతో మొదలైంది. అంతవరకూ అది మామూలు ముక్కే, జలుబు చేస్తే తప్ప దాని సంగతి నాకు గుర్తుండేది కాదు. ఆ వారంలో దానికి ఏదో శక్తి వచ్చింది. ఎదురింటివాళ్ళు ఏ పప్పు పెట్టారో తలుపు తియ్యకుండానే చెప్పేదాన్ని. బస్సు ఎక్కితే డ్రైవరు మధ్యాహ్నం తిన్న ఉల్లిపాయ వెనక సీటు దాకా వచ్చి నన్ను పలకరించేది. ఇంట్లో ఒక్కో వస్తువునీ బహిష్కరించడం మొదలుపెట్టాను. ముందు అగరుబత్తులు. తర్వాత బట్టల పౌడరు. తర్వాత మా ఆయన తలనూనె. ఆపైన ఆయన సబ్బు.

"ఈ సబ్బుతోనే కదా నాలుగేళ్ళ నుంచి స్నానం చేస్తున్నాను?" అన్నాడు ఆయన, తువ్వాలు కట్టుకుని గుమ్మంలో నిలబడి.

"నాలుగేళ్ళు ఓర్చుకున్నాను."

ఆ మనిషి శనగపిండితో స్నానం చేసి వచ్చాడు. వచ్చి పక్కన కూర్చుంటే, బజ్జీల వాసన వస్తోందని హాల్లోకి పంపేశాను. ఆయన సహనం గురించి వేరే రాయాలి.

ఇక ఆ ఆదివారం. పదిన్నర అయింది. మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నాడు. నేను వంటింట్లోకి అడుగుపెట్టాను. పెట్టినదాన్ని పెట్టినట్టే ఆగిపోయాను.

"ఏవండీ! గ్యాస్!"

"అయిపోయిందా?"

"లీకవుతోంది!"

ఆయన వచ్చి నాలుగువైపులా ఎగపీల్చాడు. "నాకేం రావట్లేదే."

"మీ ముక్కు ఎప్పుడు పనిచేసింది గనక? కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గ్యాస్ అలాగే వస్తుందని అందరికీ తెలుసు."

ఆయన రెగ్యులేటరు ఆపాడు. సబ్బు నురగ తెచ్చి ట్యూబు పొడుగునా రాశాడు. ఒక్క బుడగ లేవలేదు. కిటికీలు తెరిచాం. కిటికీ తెరిచాక వాసన తగ్గాలి కదా, పెరిగింది! మా వంటిళ్ళ వెనక కింద నుంచి పై దాకా ఒక డక్టు ఉంది. అన్ని అంతస్తుల వంటింటి కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. ఆ ముక్క నాకు అప్పుడు తట్టలేదు. తట్టి ఉంటే ఇవాళ ఇలా రాసుకోవాల్సిన పని లేదు.

"ముందు ఆ సిలిండరు కిందికి తీసుకెళ్ళండి! ఖాళీ స్థలంలో పెట్టండి!" అని అరిచి, నేను మెట్ల మీద పడ్డాను. తలుపు తలుపుకీ పిడికిలితో గుద్దాను. కాలింగ్ బెల్లు నొక్కితే నిప్పురవ్వ పుడుతుందని ఎక్కడో చదివాను, చూశారా నా జాగ్రత్త!

"గ్యాస్ లీకవుతోంది! అందరూ బయటికి రండి! పొయ్యిలు ఆపండి! స్విచ్చులు ముట్టుకోకండి!"

వచ్చారు. గడ్డం సగం గీసుకున్నాయన వచ్చాడు. తలకి నల్లరంగు వేసుకుని, ప్లాస్టిక్ సంచీ చుట్టుకున్న ఆవిడ వచ్చింది. మసాలా పట్టించిన కోడి కాలు చేత్తో పట్టుకునే ఒకాయన దిగాడు. నాలుగో అంతస్తులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే కిరణ్ నిక్కరు మీద ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. రెండో అంతస్తు సుబ్బారావుగారు మాత్రం చొక్కా ఇస్త్రీ నలగకుండా దిగారు. ఆయనది తెనాలి వైపు. బాత్‌రూము కుళాయిల దుకాణం ఉంది. మా అసోసియేషన్ అధ్యక్షుడు. ఏదైనా ఆపద వస్తే బాగుండునని ఎదురుచూసే మనిషి.

"ఎవరూ కంగారు పడొద్దు!" అని అందరికన్నా గట్టిగా అరిచారాయన. "హైమావతమ్మా, చాలా మంచి పని చేశావు. ముందు మెయిన్ ఆపెయ్యాలి. కరెంటు ఉంటే ప్రమాదం." అంటూ తానే వెళ్ళి మీటర్ల గదిలో మెయిన్ లాగేశారు.

భవనం మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో గోడల మధ్య నుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"హైమా!"

జనంలో వెతికాను. మా ఆయన లేడు.

"హైమా! లిఫ్టు ఆగిపోయింది!"

అవును. సిలిండరు బరువు మెట్ల మీద మొయ్యలేక ఆ మహానుభావుడు దాన్ని తీసుకుని లిఫ్టు ఎక్కాడు. సుబ్బారావుగారు మెయిన్ లాగేసరికి, మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య, నాలుగడుగుల పెట్టెలో, లీకవుతున్న సిలిండరుతో ఇరుక్కుపోయాడు.

మెట్లెక్కి లిఫ్టు తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"ఏవండీ! ఊపిరి పీల్చకండి!"

లోపల నుంచి కాస్త ఆలోచించి, "ఎంతసేపు?" అన్నాడు.

"లైటు వెయ్యకండి!"

"కరెంటే లేదు కదా హైమా."

"మళ్ళీ కరెంటు వేస్తే లిఫ్టు కదులుతుంది కదండీ?" అని ఎవరో అంటే, "వేస్తే నిప్పురవ్వ వస్తుంది!" అన్నారు సుబ్బారావుగారు. వెయ్యకపోతే మా ఆయన లోపలే ఉంటాడు. ఈ చర్చ నడుస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. తలుపుకి చెంప ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాను. "మీ సబ్బు పారేశాను, మీ తలనూనె పారేశాను, నన్ను క్షమించండి. బయటికి రండి, ఏ సబ్బుతో కావాలంటే దాంతో స్నానం చేసుకోండి!" అన్నాను. మా సంసారంలోని సబ్బుల చరిత్ర అలా పన్నెండు కుటుంబాలకీ తెలిసింది.

చివరికి వాచ్‌మన్ మూడు మూలల తాళంచెవి తెచ్చి తలుపు తెరిచాడు. లోపల మా ఆయన సిలిండరు మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రైలు కోసం ఎదురుచూసేవాడిలా ఉన్నాడు. నలుగురూ చేతులందించి కిందికి దించారు. దిగి నా చెవిలో మెల్లగా, "పదిహేను నిమిషాలు దాని పక్కనే ఉన్నాను హైమా. ఏ వాసనా లేదు" అన్నాడు.

"నాకు ఇప్పుడు కూడా వస్తోంది!" అన్నాను ముక్కు చీదుకుంటూ.

ఈలోగా సుబ్బారావుగారు పిలిపించిన గ్యాస్ మెకానిక్ బండి మీద వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, చంకలో హెల్మెట్టు, చేతిలో లీకును పసిగట్టే చిన్న పరికరం. గ్యాస్ ఉంటే అది కుయ్యిమంటుందట. మా సిలిండరు దగ్గర పెట్టాడు. కుయ్యిమనలేదు. మా వంటింట్లో, సుబ్బారావుగారి వంటింట్లో, కిరణ్ వాళ్ళ వంటింట్లో పెట్టాడు. అది నోరు మెదపలేదు. కిరణ్ వాళ్ళ సింకులో గిన్నెలు చూసి మెకానిక్కే ముక్కు మూసుకున్నాడు గానీ, అది గ్యాస్ కాదు.

"ఏడ లేదు మేడం" అన్నాడు.

"మీ మిషను పాడైపోయింది."

"మొన్ననే కొత్తది ఇచ్చిన్రు."

"అయితే నా వెనకాల రండి" అన్నాను. ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో! ముక్కు ముందుకు చాపి నేను మెట్లు దిగుతుంటే, నా వెనక మెకానిక్కు, ఆయన వెనక మా ఆయన, ఆయన వెనక సుబ్బారావుగారు. మిగిలిన జనం కింద వీధిలోనే ఉన్నారు. రెండో అంతస్తు దాటాను. వాసన ముదిరింది. మొదటి అంతస్తులో ఎడమవైపు తలుపు ముందు ఆగి వేలు చూపించాను. "ఇక్కడ!"

అది యాదమ్మక్క ఇల్లు. ఆవిడకి అరవై దగ్గర పడింది. భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యాడు. ముగ్గురు కూతుళ్ళ పురుళ్ళు, ఇద్దరు కోడళ్ళ పురుళ్ళు చేతుల మీదుగా చేసిన మనిషి. నన్ను మొదటి రోజు నుంచీ "బిడ్డా" అనే పిలిచేది. పొయ్యిలు ఆపమన్న కేక ఒక్కటే వినపడి పొయ్యి ఆపింది గానీ మోకాళ్ళ నొప్పులని కిందికి దిగలేదు. కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏందమ్మా గీ లొల్లి? గంట సంది అంతా ఉరుకుతున్నరు, దుంకుతున్నరు. నాకైతే ఏం సమజైతలేదు."

"అక్కా, మీ వంటింట్లో గ్యాస్ లీకవుతోంది!"

"మా ఇంట్లనా? ఎప్పటి సంది?"

నేను లోపలికి దూసుకుపోయాను. పొయ్యి మీద ఒక పెద్ద గిన్నె, మూత సందులోంచి ఇంకా ఆవిరి వస్తోంది. మెకానిక్ పరికరం పెట్టాడు. అది మూగగానే ఉంది. "మూత తియ్యండి" అన్నాను. తీశాడు.

ముల్లంగి పులుసు. గుండ్రటి బిళ్ళలుగా తరిగిన ముల్లంగి, గిన్నె నిండా.

ఒక్కసారిగా ఆ ఆవిరి నా మొహానికి తగిలింది. ఆ తర్వాత ఏం జరిగిందో నేను గౌరవంగా చెప్పలేను. మా ఆయన నా మొహం చూసి, ఏదో ఒక గిన్నె కోసం చుట్టూ చేతులు చాపాడు. చేతికి మెకానిక్ హెల్మెట్టు దొరికింది.

"అరెరె, నా హెల్మెట్టు!" అన్నాడు మెకానిక్. అప్పటికే ఆలస్యమైంది.

నన్ను పీట మీద కూర్చోబెట్టారు. యాదమ్మక్క మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, నా నుదురు తడిమి, కింది కనురెప్ప లాగి చూసి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పింది.

"గిట్ల ఎన్ని దినాల సంది అయితుంది బిడ్డా?"

"వారం నుంచి అక్కా. పైత్యం."

"నిద్ర సుత వస్తుందా?"

"కౌంటరు మీదే పడుకుంటున్నాను."

"ముల్లంగంటె నీకు పానం గదా? మొన్నటిదాంక గిన్నెడు వట్కపోయి తింటివి."

"అవును, ఇప్పుడే..."

"నెల ఎప్పుడైంది?"

వంటింట్లో నాతో పాటు ముగ్గురు మగవాళ్ళున్నారు. సుబ్బారావుగారు గబుక్కున కిటికీ వైపు తిరిగి డక్టును శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు. మెకానిక్ హెల్మెట్టు కడుక్కుంటూ వెనక్కి చూడలేదు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. గణేశ నిమజ్జనానికి ముందా, తర్వాతా? ముందు. చాలా ముందు. మళ్ళీ లెక్కపెట్టాను. వేళ్ళు చాల్లేదు.

రోజుకి పదిమందికి కవర్లు అందించే నేను, మొహం చూసి చెప్పేసే నేను, పీట మీద నోరు తెరుచుకుని కూర్చుండిపోయాను. మా ఆయన మొహం చూశాను. పదిహేను నిమిషాలు సిలిండరుతో కూర్చున్నప్పుడు కూడా వణకని మనిషి, గోడ పట్టుకున్నాడు.

యాదమ్మక్క గట్టిగా నవ్వింది. "నీ గ్యాసు పాడుగాను! ఇంతమందిని పరేషాన్ జేస్తివి గదనే!" అంటూ బాల్కనీలోకి వెళ్ళి, వీధిలో నిలబడ్డవాళ్ళందరికీ వినపడేలా ఒక్క కేక పెట్టింది.

"ఏం లేదుర్రి! పైకి రాండ్రి! గ్యాస్ గాదు, హైమ నీళ్ళోసుకుంది!"

నీళ్ళోసుకుంది అంటే కడుపుతో ఉందని పెద్దవాళ్ళకి తెలుసు. కిందున్న పెద్దావిడలు నవ్వారు కూడా. కానీ కిరణ్‌కి తెలీదు. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న పిల్లాడు. ఒక గంట నుంచి గ్యాస్, నిప్పు, పేలుడు అనే మాటలే వింటున్నాడు. హైమ ఆంటీ నీళ్ళు పోసుకుందంటే అతనికి ఒక్కటే అర్థమైంది.

"ఆంటీకి నిప్పంటుకుంది!"

ల్యాప్‌టాప్ గోడ మీద పెట్టి, మెట్ల కింద ఎర్రబకెట్టు అందుకుని, సంపు దగ్గర నింపుకుని, రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. అదే సమయానికి మా ఆయన హాల్లోంచి నాకు మంచినీళ్ళు తేవడానికని వంటింటి గుమ్మం దాటబోయాడు. కిరణ్‌కి ఎదురుగా ఎవరు కనబడితే వాళ్ళే కాలుతున్నట్టు లెక్క. బకెట్టు బకెట్టంతా ఎత్తి కుమ్మరించాడు.

నిండా తడిసి, కళ్ళజోడు మీద నుంచి నీళ్ళు కారుతుండగా, మా ఆయన అలాగే నిలబడ్డాడు. ఆ నీళ్ళలో కన్నీళ్ళు కూడా ఉన్నాయని నాకు మాత్రమే తెలుసు. యాదమ్మక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని, "అరె కిరణూ, పోసుకున్నది ఆమెరా, ఆయనె గాదు!" అంది.

మర్నాడు పొద్దున్నే ల్యాబుకి వెళ్ళాను. శాంపిలు డబ్బా మీద నా పేరు నేనే రాసుకున్నాను. కంగారులో "హైమావతి" కాస్తా "హైమవాతి" అయింది. విప్పేసిన ఆ ఉయ్యాల మళ్ళీ కట్టొద్దు, కట్టొద్దు అని మనసుకి చెప్పుకుంటూ కౌంటరులో కూర్చున్నాను. రిపోర్టుల కట్ట వచ్చింది. అలవాటు ప్రకారం ఒక్కో పేరూ పిలుస్తున్నాను. "హైమావతిగారూ! హైమావతిగారెవరండీ?" అని రెండుసార్లు పిలిచి, ఎవరూ రాకపోతే విసుక్కున్నాను కూడా. పక్క కౌంటరు అమ్మాయి మెల్లగా నా మోచేయి గిల్లింది.

కవరు విప్పాను. పాజిటివ్. ఎంతమందికో ఇచ్చిన కాగితమే. అంత బరువుంటుందని ఎప్పుడూ తెలీదు.

డాక్టరమ్మ నా జీలకర్ర, వాము, మాత్రలు, ఉపవాసం కథంతా విని కళ్ళజోడు తీసేసింది. "ల్యాబులో పనిచేస్తూ నువ్వే ఇలా చేస్తే ఎలాగమ్మా? ఇకనుంచి నన్నడక్కుండా ఏ మాత్రా మింగకు. కడుపు ఖాళీగా ఉంచకు. పొద్దున్నే మంచం దిగకముందే రెండు బిస్కెట్లో, గుప్పెడు మరమరాలో తిను. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తిను. నీళ్ళు ఒక్కసారి తాగకు, గుక్క గుక్కగా తాగు. పడని వాసనకి దూరంగా ఉండు. నీళ్ళు కూడా నిలవకపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యి" అంది. "రెండు వారాలాగి స్కాన్ చేద్దాం, గుండె కొట్టుకోవడం కనబడుతుంది."

గుండె కనబడేదాకా అమ్మకి చెప్పొద్దనుకున్నాం. నాలుగేళ్ళుగా నాకన్నా ఎక్కువ ఎదురుచూస్తున్న మనిషి, ఆవిడకి ఉత్తి ఆశ కల్పించడం ఎందుకు అని.

అపార్ట్‌మెంటుకి మాత్రం కొత్తగా చెప్పేదేముంది? ఆ రెండు వారాలూ పన్నెండు వంటిళ్ళూ నా ముక్కు కింద నడిచాయి. సుబ్బారావుగారు మా గ్రూపులో పెద్ద ప్రకటన పెట్టారు. "సభ్యులకు విజ్ఞప్తి. ఘాటైన వంటలు చేయువారు అరగంట ముందుగా తెలియజేయవలెను." అప్పటినుంచి రోజూ సందేశాలే. "పన్నెండింటికి మా ఇంట్లో ఎండు రొయ్యలు. హైమ కిటికీ వేసుకోగలదు." "మాది క్యాబేజీ. క్షమించాలి, మా అత్తగారికి ఇష్టం." కిరణ్ ఒక్కడే "మేం నూడుల్స్ ఆంటీ, సేఫ్" అని పెట్టేవాడు. యాదమ్మక్క పొద్దున్నే ఎండు జొన్నరొట్టె ముక్కలు డబ్బాలో పెట్టి పంపేది. "లేవకముందుగాలనే రెండు ముక్కలు నమలు, జెర కడుపు నిలబడ్తది" అనేది. నిజంగానే నిలబడింది. వాసన పట్టలేనప్పుడు నిమ్మకాయ చెక్క ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. పూర్తిగా తగ్గలేదు గానీ, రోజులు గడిచాయి.

స్కాన్ రోజున, ఆ నల్లటి తెర మీద చిక్కుడుగింజంత చుక్క ఒకటి టకటకా కొట్టుకుంటూ కనిపించింది. మా ఆయన దాన్ని చూసి, "ఇదా మా అపార్ట్‌మెంటు ఖాళీ చేయించింది?" అన్నాడు. డాక్టరమ్మకి అర్థం కాలేదు. నేను నవ్వుతూ ఏడ్చాను.

ఇంటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాను. అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఓలమ్మో, నా తల్లే! పైత్యం అన్నాను గదే, నా నోట మట్టి పడ! జాగర్తమ్మా. బరువులెత్తీకు. ఒకటి చెప్తాను, బాగా ఇను. మూడో నెల ఎల్లేదాకా ఈ కబురు పిట్టక్కూడా తెలీకూడదు. దిష్టి తగుల్తాది. ఆ ఊళ్ళో ఎవుల్తోనూ అనీలేదు గదా?"

నేను నోరు తెరిచేలోపల, కింద వీధిలో కూరగాయల బండి ఆగింది. ఆ బండాయనకి ఒక మైకుంది. రోజూ టమాటా, బెండకాయ అని అరుస్తాడు. ఆ రోజు చిలకలగూడ మొత్తం దద్దరిల్లేలా అరిచాడు.

"మూడో ఫ్లోర్ హైమమ్మా! కడుపుతోని ఉన్నవంట గదమ్మా! సీజన్ గాకున్నా నీ కోసమే స్పెషల్‌గ పుల్లటి మామిడికాయలు తెచ్చిన! జల్ది రా, మళ్ళ అయిపోతయి!"

ఆ కేక ఫోనులో అమ్మ చెవిన కూడా పడింది. "ఎవులే ఆ అరుస్తున్నాడు?"

"టీవీ అమ్మా" అన్నాను.

కాబట్టి ఇందుమూలంగా, చిలకలగూడ వాస్తవ్యురాలు హైమావతి అను నేను, చదువరులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నదేమనగా: నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకే బాగా తెలుసని ఇకపై ఎన్నడూ అనుకోను. నాకు ఏ వాసన వచ్చినా ముందు క్యాలెండరు చూస్తాను, తర్వాత డాక్టరును చూస్తాను, ఆ రెండూ అయ్యాకే కేకలు వేస్తాను. మెట్ల మీద కాదు, దిండులో మొహం పెట్టుకుని.